వాడుకే వాటికి రక్ష: బందరు పాత కట్టడాల కథ

మచిలీపట్నం: గోల్కొండ సుల్తానులకు ప్రధాన రేవుగా, మూడు ఐరోపా దేశాల వర్తకులకు స్థావరంగా, తర్వాత జాతీయోద్యమానికి ఆంధ్రదేశంలో ఒక కేంద్రంగా వెలుగొందిన పట్టణం బందరు. ఆ చరిత్రకు సాక్షులుగా కోట, సమాధులు, చర్చి, విద్యాలయాలు, పెంకుటిళ్లు, అద్దకపు శాలలు నేటికీ కొన్ని మిగిలాయి. అయితే అన్నీ ఒకే తీరున మిగలలేదు. కోట శిథిలం కాగా, మట్టికుండల్లో రంగులు కాచే అద్దకపు పని నేటికీ సాగుతోంది. కట్టడం ఎంత దృఢమైనదన్న దానికంటే, దానితో మనిషికి నిత్యం పని ఉందా లేదా అన్నదే దాని ఆయుష్షును నిర్ణయించిందని బందరు చరిత్ర చెబుతుంది. కొత్త ఓడరేవు నిర్మాణంతో పట్టణ రూపురేఖలు మారనున్న తరుణంలో ఈ విషయం గుర్తుచేసుకోవలసి ఉంది.

పేటల పేర్లలో పరదేశులు

బందరు అన్న మాటకు పారశీకంలో రేవు అని అర్థం. క్రీస్తుశకం తొలి శతాబ్దాల నాటి గ్రీకు రచనల్లో కనిపించే మైసోలియా ప్రాంతం కృష్ణా ముఖద్వార తీరమేనని, అప్పటికే ఇక్కడి నుంచి నూలుబట్టలు ఎగుమతి అయ్యేవని చరిత్రకారులు గుర్తించారు. కుతుబ్‌షాహీల ఏలుబడిలో ఈ రేవు దశ తిరిగింది. గోల్కొండ నుంచి వచ్చిన సరకు ఇక్కడ ఓడలెక్కి ఇటు బర్మా, సుమత్రా తీరాలకు, అటు ఇరాన్, అరేబియా రేవులకు చేరేది.

ఆ సరకు కోసమే ఐరోపా వర్తకులు వచ్చారు. 1606లో డచ్చివారు సుల్తాను నుంచి అనుమతి పొంది ఇక్కడ స్థావరం ఏర్పరచుకున్నారు. 1611లో గ్లోబ్ అనే ఓడలో ఇంగ్లీషువారు వచ్చారు. తూర్పు తీరంలో వారి తొలి వర్తక స్థావరాల్లో ఒకటి వెలసింది ఇక్కడే. 1639లో మద్రాసు స్థాపనకు కారకులైన ఇద్దరు ఇంగ్లీషు అధికారుల్లో ఒకరైన ఆండ్రూ కోగన్ అప్పట్లో బందరు స్థావరానికి అధిపతి. 1669లో ఫ్రెంచివారు కూడా వచ్చి చేరారు.

వారి తొలినాటి గిడ్డంగులు, నివాసాలు చాలా వరకు కనుమరుగయ్యాయి. పేర్లు మాత్రం నిలిచాయి. తెలుగువారు డచ్చివారిని వలందులు అన్నారు. హొలాండ్ అన్న మాటకు అది తెలుగు రూపం. వారి పేరున వలందపాలెం, ఇంగ్లీషువారి పేరున ఇంగ్లీషుపాలెం, ఫ్రెంచివారి పేరున ఫ్రెంచిపేట నేటికీ వాడుకలో ఉన్నాయి. వీటిలో ఫ్రెంచిపేటది వింత చరిత్ర. 1759లోనే బందరు ఇంగ్లీషువారి వశమైనా, ఈ చిన్న స్థలంపై ఫ్రెంచి ప్రభుత్వ హక్కు కొనసాగుతూనే వచ్చింది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన తర్వాత, 1947 అక్టోబరులో మాత్రమే దానిని భారత ప్రభుత్వానికి అప్పగించారు. బందరు నడిబొడ్డున ఒక పేట 1947 ఆగస్టు 15 నాటికి కూడా సాంకేతికంగా ఫ్రెంచి నేలే.

శిథిలమైన కోట

పట్టణానికి ఆగ్నేయంగా, సముద్రం వైపు ఉప్పుపర్ర నేలల్లో బందరు కోట ఉంది. చుట్టూ చిత్తడి నేల ఉండడమే దీనికి సహజ రక్షణ. 1750లో ఫ్రెంచివారు బందరును వశపరచుకుని ఈ కోటను పటిష్ఠం చేశారు. 1753లో ఉత్తర సర్కారులు ఫ్రెంచి సేనాని బుస్సీకి దక్కడంతో కోట ప్రాధాన్యం మరింత పెరిగింది.

1758 డిసెంబరులో చందుర్తి యుద్ధంలో ఫ్రెంచి సేనను ఓడించిన ఇంగ్లీషు సేనాని కర్నల్ ఫోర్డు, ఆ తర్వాత బందరు కోటను ముట్టడించాడు. కోట లోపల కాన్‌ఫ్లాన్స్ నాయకత్వంలో ఫ్రెంచి దళం ఉంది. బయట నైజాము సలాబత్ జంగ్ సేన ఫ్రెంచివారికి అండగా సమీపించింది. రెండింటి నడుమ చిక్కుకున్న ఫోర్డు 1759 ఏప్రిల్ 7 రాత్రి దాడికి దిగాడు. చిత్తడి నేల మీదుగా ఎవరూ రాలేరనుకున్న దిశ నుంచి కూడా ఒక దళాన్ని నడిపించాడు. తెల్లవారేసరికి కోట ఇంగ్లీషువారి వశమైంది. సలాబత్ జంగ్ వారితో ఒప్పందం చేసుకుని బందరు ప్రాంతాన్ని వారికి అప్పగించాడు. ఉత్తర సర్కారుల్లో ఫ్రెంచి ఆధిపత్యానికి ఇక్కడితో తెరపడింది.

ఆ తర్వాత సుమారు శతాబ్దం పాటు కోటలో కంపెనీ పటాలాలు ఉన్నాయి. సైన్యం తరలిపోయిన నాటి నుంచి కోటతో ఎవరికీ పని లేకపోయింది. ఆయుధాగారం, గంటగోపురం వంటి కొన్ని కట్టడాల శేషాలే మిగిలాయి. పోరాడి గెలుచుకున్న కట్టడం ఎవరూ పట్టించుకోక శిథిలమైంది.

వలందుల సమాధులు

డచ్చివారు 1825 నాటికి కోరమాండల్ తీరంలోని స్థావరాలన్నింటినీ ఇంగ్లీషువారికి అప్పగించి వెళ్లిపోయారు. బందరులో వారి జ్ఞాపకంగా నిలిచింది సమాధుల తోట. 17వ శతాబ్ది నుంచి 18వ శతాబ్ది తొలి పాదం వరకు ఇక్కడ మరణించిన వర్తకులు, అధికారులు, వారి కుటుంబీకుల సమాధులు ఇందులో ఉన్నాయి. పెద్ద రాతిపలకలపై వంశచిహ్నాలు, అంచులవెంట లతలు, డచ్చి భాషలో ఉబ్బెత్తు అక్షరాలు చెక్కి ఉన్నాయి. పలకలో అక్షరాలను తవ్వడం తేలిక. అక్షరం చుట్టూ రాయిని తొలిచి అక్షరాన్ని పైకి నిలపడం ఎంతో ఓపిక గల శిల్పికి మాత్రమే సాధ్యం.

పురావస్తు అధికారి అలెగ్జాండర్ రియా మద్రాసు రాజధానిలోని డచ్చి కట్టడాలపై 1897లో వెలువరించిన గ్రంథంలో ఈ సమాధులకూ చోటు దక్కింది. ఇవి కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. వాడుకలో లేకపోయినా నిలిచిన కట్టడాలు బందరులో ఇలాంటివి అరుదు. చట్టం పహరా కాయడం ఒక కారణం కాగా, ఉప్పుగాలికి త్వరగా లొంగని రాయి కావడం మరో కారణం.

ప్రేమకథ ముడిపడిన చర్చి

19వ శతాబ్ది తొలినాళ్లలో మేజర్ జనరల్ జాన్ పేటర్ అనే కంపెనీ సేనాని ఇక్కడ ఒక చర్చి కట్టించాడు. అదే సెయింట్ మేరీ చర్చి. అరబెల్లా రాబిన్సన్ అనే యువతి స్మృతి దానితో ముడిపడి ఉంది. ఆమె 1809లో మరణించింది.

ఈ చర్చి గురించి బందరులో తరతరాలుగా చెప్పుకొనే కథ ఒకటుంది. అరబెల్లా కేథలిక్కు శాఖకు చెందినది కావడంతో ఆమెను తమ శ్మశానంలో పూడ్చడానికి అక్కడి మతాధికారి అంగీకరించలేదట. మనసు విరిగిన పేటర్ వేరే స్థలం కొని, అందులో ఆమెను ఖననం చేసి, ఆ సమాధిపైనే చర్చి కట్టించాడట. ఆమె దేహాన్ని చాలాకాలం చెడకుండా కాపాడాడని, తరచూ చూసి వచ్చేవాడని కూడా కథకు కొనసాగింపు ఉంది. ఇందులో చరిత్ర ఎంత, కల్పన ఎంత అన్న చర్చ ఎలా ఉన్నా కట్టడం మాత్రం వాస్తవం. రెండు శతాబ్దాలు దాటినా ఇది నిలిచి ఉండడానికి కారణం ఆ కథ కాదు. ఆరాధనలు సాగుతూ ఉండడమే. వారం వారం తలుపులు తెరుచుకునే కట్టడంలో పైకప్పు కారితే అదే వారం తెలుస్తుంది.

1864 ఉప్పెన

బందరు కట్టడాల చరిత్రను రెండుగా చీల్చిన తేదీ 1864 నవంబరు 1. ఆ రాత్రి తుపానుతో పాటు ఉప్పెన విరుచుకుపడింది. సముద్రం సాధారణ పోటు మట్టానికి సుమారు 13 అడుగులు పైకి లేచి పట్టణాన్ని, చుట్టుపక్కల గ్రామాలను ముంచెత్తింది. సుమారు 30 వేల మంది ప్రాణాలు కోల్పోయారని నాటి అంచనా. పూరిళ్లు, మట్టిగోడల ఇళ్లు కొట్టుకుపోయాయి. మంచినీటి చెరువులు, బావులు ఉప్పుబారాయి.

రేవు అంతకుముందే క్షీణించసాగింది. తీరం వద్ద లోతు చాలక పెద్ద ఓడలు మైళ్ల దూరంలో లంగరు వేసేవి. సరకును పడవల మీద చేర్చవలసి వచ్చేది. ఉప్పెన తర్వాత రేవు పూర్వవైభవం తిరిగి రాలేదు. 1908లో బెజవాడ నుంచి రైలు మార్గం వచ్చినా, వాణిజ్యం ఇతర రేవులకు మళ్లడం ఆగలేదు. ఆ తర్వాత బందరు బతికింది కచేరీలు, బడులు, పత్రికలు, బ్యాంకులతోనే. 1859లో ఏర్పడిన కృష్ణా జిల్లాకు ఇది కేంద్రమైంది. 1866లో పురపాలక సంఘం ఏర్పడింది.

ఉప్పుగాలిని ఎరిగిన ఇళ్లు

బందరు పాత పేటల్లో అక్కడక్కడా కనిపించే మండువా లోగిళ్లు, పెంకుటిళ్లు ఈ తీరపు వాతావరణాన్ని ఎరిగి కట్టినవి. వీధి వైపు ఎత్తరుగులు, లోపల ఆకాశానికి తెరచిన మండువా, చుట్టూ టేకు స్తంభాల పంచలు వాటి లక్షణం. వాననీరు మండువాలో పడి తూము గుండా వెలుపలికి పోతుంది. వేడిగాలి పైకి పోయి సముద్రపు గాలి లోపలికి వస్తుంది. వరద నీటికి అందకుండా ఎత్తైన అరుగు కాపాడుతుంది. ఈ తీరానికి బర్మాతో ఓడ వర్తకం సాగినంత కాలం అక్కడి టేకు సముద్రం మీదుగానే వచ్చేది.

గోడలకు ఇటుక, గానుగ సున్నం వాడారు. ఆల్చిప్పలు, గుల్లలు కాల్చి సున్నం చేయడం తీరప్రాంతపు అలవాటు. ఆ సున్నాన్ని ఇసుకతో కలిపి గానుగలో తిప్పి మెదిపేవారు. ఉప్పునీటి చెమ్మ నేల నుంచి గోడలోకి ఎక్కడం తీరప్రాంతంలో తప్పదు. సున్నపు గోడ ఆ చెమ్మను తిరిగి గాలిలోకి వదులుతుంది. పైపూత కొంత రాలినా లోపలి ఇటుక బతుకుతుంది. కొన్నేళ్లకోసారి సున్నం కొట్టడమే అందుకు వైద్యం.

ఇటీవలి దశాబ్దాల్లో ఈ పాత గోడలకు సిమెంటు పూత పూయడం పరిపాటి అయింది. చూపుకు గట్టిగా కనిపించినా ఇది మేలు కంటే కీడే ఎక్కువ చేస్తుంది. సిమెంటు చెమ్మను బయటికి పోనివ్వదు. చెమ్మ ఆరే చోట ఉప్పు పేరుకుని గడ్డకట్టి ఇటుకను లోపలి నుంచి పిండి చేస్తుంది. కొన్నేళ్లకు పూత పెళ్లలు పెళ్లలుగా ఊడుతుంది. అప్పుడు గోడ పాతబడిందన్న పేరుతో ఇల్లే కూల్చేస్తారు. వారసులు పట్టణం విడిచి వెళ్లిన ఇళ్లు, వాటాలు తేలని ఇళ్లు తాళాలు పడి ముందుగా కూలుతున్నాయి. మనుషులు కాపురం ఉన్న ఇళ్లే నిలుస్తున్నాయి.

నోబుల్ బడి

చర్చి మిషనరీ సంఘం తరఫున 1841లో ఇద్దరు యువకులు బందరు చేరారు. ఒకరు హెన్రీ వాట్సన్ ఫాక్స్, మరొకరు రాబర్ట్ టర్లింగ్‌టన్ నోబుల్. నోబుల్ రెండేళ్లు తెలుగు నేర్చుకుని 1843లో ఒక ఇంగ్లీషు బడి ప్రారంభించారు. 1865లో మరణించే వరకు దానికే అంకితమయ్యారు. ఆ బడి కాలక్రమంలో నోబుల్ కళాశాలగా ఎదిగింది.

తొలినాళ్లలో విద్యార్థులు క్రైస్తవంలో చేరినప్పుడు పట్టణంలో అలజడి రేగడం, తల్లిదండ్రులు పిల్లలను మాన్పించడం జరిగాయి. అయినా విద్య కోసం మళ్లీ అందరూ అక్కడికే వచ్చారు. సంఘ సంస్కర్త రఘుపతి వేంకటరత్నం నాయుడు ఇక్కడ బోధించారు. ముట్నూరి కృష్ణారావు, కోపల్లె హనుమంతరావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య వంటివారు ఇక్కడ చదువుకున్నారు. విదేశీ మిషనరీలు నడిపిన కళాశాలలో చదివిన ముగ్గురే తర్వాత స్వదేశీ విద్యాలయాన్ని నెలకొల్పడం విశేషం.

పలక, మగ్గం, కుంచె కలిసిన కళాశాల

1907లో బిపిన్ చంద్రపాల్ ఆంధ్రదేశ పర్యటనలో భాగంగా బందరు వచ్చారు. ఆయన ప్రసంగాలు రగిల్చిన స్వదేశీ స్ఫూర్తికి రూపంగా 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల వెలసింది. పుస్తక విద్యతో పాటు చేతిపని నేర్పడం దీని ధ్యేయం. నేత, వడ్రంగం, యంత్రశిల్పం పాఠ్యాంశాలయ్యాయి.

బెంగాలీ చిత్రకారుడు ప్రమోదకుమార ఛటోపాధ్యాయ ఇక్కడ చిత్రలేఖనం నేర్పారు. ఆయన శిష్యుడైన అడివి బాపిరాజు తర్వాత ఈ కళాశాలకే ప్రధానాచార్యులయ్యారు. జాతీయ పతాక రూపకర్త పింగళి వెంకయ్య ఇక్కడ అధ్యాపకులుగా పనిచేశారు. భారతదేశానికి ఒక జాతీయ పతాకం కావాలంటూ ఆయన 1916లో పుస్తకం వెలువరించారు.

జాతీయ కళాశాలకు తోడుగా నిలిచింది కృష్ణా పత్రిక. 1902 ఫిబ్రవరిలో కొండా వెంకటప్పయ్య, దాసు నారాయణరావు దీనిని ప్రారంభించారు. 1907 నుంచి 1945లో కన్నుమూసే వరకు ముట్నూరి కృష్ణారావు సంపాదకులు. సముద్ర వర్తకం పోయిన ఊరు అక్షరంతో మళ్లీ రాష్ట్రం దృష్టిని ఆకర్షించింది.

లక్ష రూపాయల బ్యాంకు

రైతు, చిన్న వర్తకుడు వడ్డీ వ్యాపారి గుప్పిట నుంచి బయటపడాలన్న ఆలోచనతో పట్టాభి సీతారామయ్య ఆర్థిక సంస్థలపై దృష్టి పెట్టారు. 1915లో కృష్ణా సహకార కేంద్ర బ్యాంకు ఏర్పాటులో ముఖ్యపాత్ర వహించారు. 1923 నవంబరు 20న ఆంధ్రా బ్యాంకును నమోదు చేయించారు. నవంబరు 28న లక్ష రూపాయల చెల్లింపు మూలధనంతో బందరులో అది తలుపులు తెరిచింది.

కాలక్రమంలో బ్యాంకు ప్రధాన కార్యాలయం హైదరాబాదుకు తరలింది. 1980లో జాతీయం అయింది. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమై ఆ పేరు కనుమరుగైంది. దాదాపు శతాబ్దం పాటు ఊరి కీర్తిని దేశమంతటా మోసిన నామఫలకం దిగిపోయింది. కట్టడం కూలకుండానే చరిత్ర కనుమరుగు కావచ్చనడానికి ఇదే తార్కాణం.

అచ్చు చెక్కలో మిగిలిన వ్యాపారం

పరదేశులను రప్పించిన అసలు సరకు అద్దకపు బట్ట. ఇది మాత్రం పోలేదు. బందరుకు సమీపంలోని పెడనలో కలంకారీ శాలలు నేటికీ ఉన్నాయి. శ్రీకాళహస్తిలో కలంతో బొమ్మ గీస్తే, ఇక్కడ చెక్కిన కొయ్య అచ్చులతో అద్దుతారు. బట్టను కరక్కాయ రసంలో నానబెడతారు. తుప్పు ఇనుము, బెల్లం కలిపి పులియబెట్టిన కషాయం కరక్కాయ తగిలిన బట్టపై నల్లగా మారుతుంది. పటిక అద్దిన చోట ఎరుపు పట్టుకుంటుంది. ఆ ఎరుపు కోసం ఒకప్పుడు తీరపు ఇసుక నేలల్లో పండిన చిరివేరు వాడేవారు. రంగు నిలవాలంటే పారే నీటిలో బట్ట జాడించడం తప్పనిసరి. కాలువ గట్టున శాలలు వెలసింది అందుకే.

ఈ బట్ట ధాటికి తట్టుకోలేక 17వ శతాబ్ది చివర ఫ్రాన్సు, 18వ శతాబ్ది ఆరంభంలో ఇంగ్లండు దిగుమతులపై నిషేధాలు విధించాయి. ఇరాన్‌కు మాత్రం 20వ శతాబ్ది తొలి దశాబ్దాల దాకా ఎగుమతి సాగింది. అది ఆగిన తర్వాత కుదేలైన పనికి, స్వాతంత్ర్యానంతరం కమలాదేవి ఛటోపాధ్యాయ వంటివారి చొరవతో తిరిగి ఊపిరి పోశారు. కలంకారీతో పాటు చిలకలపూడి బంగారుపూత నగలు, బందరు లడ్డు, హల్వా నేటికీ ఊరి పేరు నిలుపుతున్న వ్యాపారాలు.

ముందున్నది

బందరు ఓడరేవు కోసం 2008లో, 2019లో, 2023లో శంకుస్థాపనలు జరిగాయి. 2023లో పనులు మొదలయ్యాయి. రేవు వస్తే స్థలాల విలువ పెరుగుతుంది. తాళాలు పడిన లోగిలి కంటే ఖాళీ స్థలానికే ఎక్కువ ధర పలుకుతుంది. పాత కట్టడాలకు అసలు పరీక్ష అప్పుడే.

సమాధుల తోటను చట్టం కాపాడింది. చర్చిని ఆరాధన కాపాడింది. నోబుల్ కళాశాలను, జాతీయ కళాశాలను విద్యార్థులు కాపాడారు. కోటకు అలాంటి దిక్కు లేకపోయింది. మిగిలిన లోగిళ్లు ఏవి, ఎవరివి, ఏ స్థితిలో ఉన్నాయో తెలిపే జాబితా ఒకటి, సున్నపు పని తెలిసిన మేస్త్రీలు కొందరు, గ్రంథాలయంగానో కలంకారీ ప్రదర్శనశాలగానో వాటికి ఏదో ఒక వాడుక కల్పించడం తక్షణ అవసరాలు. సముద్రం తీసుకుపోయినవాటిని తిరిగి తేలేం. తాళం వేసి మనం పోగొట్టుకుంటున్నవాటిని నిలుపుకోవచ్చు.

తేదీలలో బందరు

1606: డచ్చివారి స్థావరం
1611: గ్లోబ్ ఓడలో ఇంగ్లీషువారి రాక
1669: ఫ్రెంచివారి రాక
1759: కోట ఇంగ్లీషువారి వశం
1843: నోబుల్ బడి ప్రారంభం
1864: ఉప్పెన, సుమారు 30 వేల మంది మృతి
1866: పురపాలక సంఘం ఏర్పాటు
1902: కృష్ణా పత్రిక ప్రారంభం
1908: బెజవాడ నుంచి రైలు
1910: ఆంధ్ర జాతీయ కళాశాల
1923: ఆంధ్రా బ్యాంకు
1947: ఫ్రెంచిపేట భారత ప్రభుత్వానికి అప్పగింత
2020: ఆంధ్రా బ్యాంకు విలీనం
2023: కొత్త ఓడరేవు పనుల ప్రారంభం